ఐదో చెయ్యి

మన్సూరాబాద్, ఎల్బీ నగర్
నవంబరు 11

డి.టి.పి. ఆపరేటర్ గారికి,

నమస్కారం. మీ పేరు నాకు తెలియదు. మీ షాపు యజమాని అంతయ్య గారిని అడిగితే ఏదో చెప్పారు గానీ నాకు వినపడలేదు. ఈ మధ్య నాకు ఏదీ వినపడదు. చెవికి మిషన్ పెట్టించారు, అందులో ఈల తప్ప మనిషి మాట రాదు. మీ షాపేమో సెల్లార్‌లో ఉంది, నా మోకాళ్ళు మెట్లు దిగేది లేదని మొండికేశాయి. ఫోనులో మాట్లాడలేను, ఫోనులో బొమ్మలు పంపడం చేతకాదు. అందుకని మనిద్దరి వ్యవహారమంతా కాగితం మీదే. మా ఆవిడ విజయదుర్గ సోమవారం, గురువారం కొత్తపేట రైతుబజారుకు వస్తుంది. అక్కణ్ణించి దిల్‌సుఖ్‌నగర్ దాకా వచ్చి మీ కవరు ఇచ్చి వెళుతుంది. కవరుకు వంకాయల వాసన వస్తే ఏమీ అనుకోకండి.

నేను దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లలో ముప్పై ఏళ్ళు ఆర్గానిక్ కెమిస్ట్రీ చెప్పాను. ఇప్పుడు తెలుగు మీడియం ఇంటర్ పిల్లల కోసం ఒక చిన్న పుస్తకం రాస్తున్నాను. ర్యాంకుల కోసం కాదు. కార్బన్ అంటేనే భయపడి పుస్తకం మూసేసే పిల్లల కోసం. జూన్‌లో కాలేజీలు తెరిచేలోగా అది వాళ్ళ చేతుల్లో ఉండాలి.

మీకు రెండే షరతులు. మొదటిది, కార్బన్‌కు నాలుగు చేతులే ఉంటాయి. నా చేతిరాతలో గీతలు ఎలా వంకర తిరిగినా, మీరు గీసిన బొమ్మలో ఏ కార్బన్‌కైనా ఐదో చెయ్యి కనిపిస్తే ఆ పేజీ చింపి పారేయండి. రెండోది, ప్రతి పేజీ చివరి ప్రూఫు మీద నేను ‘అచ్చుకు ఇవ్వవచ్చు’ అని రాసి సంతకం పెడతాను. సంతకం లేని పేజీ ప్రెస్సుకు పోకూడదు. సంతకం పెట్టాక అందులో తప్పు బయటపడితే అది నాది, ఇంకెవరిదీ కాదు.

మొదటి అధ్యాయం పంపుతున్నాను.

రామమోహనరావు


దిల్‌సుఖ్‌నగర్
నవంబరు 21

గౌరవనీయులైన రామమోహనరావు సార్‌కు నమస్కరించి సౌజన్య రాయునది,

నా పేరు సౌజన్య సార్. నన్ను మీరు అనకండి, నాకు ముప్పై మూడేళ్ళే. మొదటి అధ్యాయం ప్రూఫు పంపుతున్నాను. కార్బన్ల చేతులన్నీ పెన్నుతో చుక్క పెట్టుకుంటూ లెక్కపెట్టాను. నాలుగే ఉన్నాయి.

మేడం గారు కవరుతో పాటు నాకు నాలుగు జామకాయలు కూడా ఇచ్చి వెళ్ళారు. వద్దంటే, “మీ షాపులో ఎండే రాదమ్మా, తిను” అన్నారు. ఆమెకు నా కృతజ్ఞతలు చెప్పండి.

సార్, ఒక మాట అడగాలా వద్దా అని మూడు రోజులు ఆలోచించాను. నేను ఓపెన్ స్కూల్‌లో ఇంటర్ చదువుతున్నాను. అన్ని సబ్జెక్టులూ పాసయ్యాను, కెమిస్ట్రీ ఒక్కటే మిగిలింది. రెండుసార్లు రాశాను, ఇరవై మూడు ఒకసారి, ఇరవై తొమ్మిది ఒకసారి వచ్చాయి. ఏప్రిల్‌లో మళ్ళీ రాయాలి. కోచింగ్ వాళ్ళంతా మెటీరియల్ బయట చేయించడం మానేసి ట్యాబుల్లో ఇచ్చేస్తున్నారు, అంతయ్య సార్ జూన్ నెలాఖరుకు షాపు మూసేస్తామని చెప్పారు. మా వీధి చివర స్కూల్లో ల్యాబ్ అసిస్టెంట్ పని ఉంది. ఇంటర్ పాసైతేనే తీసుకుంటారు. అందుకని మీ పాఠం టైపు చేస్తూ చదువుకుంటున్నాను. చదవడం తప్పు కాదు కదా?

టైపు చేసేటప్పుడు ఒక సందేహం వచ్చింది. పద్నాలుగేళ్ళుగా నేను ఆరు మూలల పెట్టె గీస్తున్నాను. బెంజీన్ అంటే ఆ పెట్టె. ఎన్ని వేల పెట్టెలు గీశానో లెక్కలేదు. కానీ ఆ పెట్టెలో కార్బన్ ఎక్కడుంది సార్? పేరేమో కార్బన్ సమ్మేళనం అంటారు, బొమ్మలో ఒక్క అక్షరం కూడా ఉండదు. అది ఖాళీ పెట్టే అనుకున్నాను ఇన్నాళ్ళూ. ఇది బుద్ధిలేని ప్రశ్న అయితే క్షమించండి.

ఇంకొక విషయం. మీ పుస్తకం షాపుకు వచ్చిన రోజు వేరే అమ్మాయికి ఇవ్వబోతుంటే నేనే అడిగి తీసుకున్నాను.

సౌజన్య


మన్సూరాబాద్
నవంబరు 25

సౌజన్యకు ఆశీస్సులు.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. మొదటిసారి నవ్వాను. రెండోసారి సిగ్గుపడ్డాను. ముప్పై ఏళ్ళు బోర్డు మీద ఆ ఆరు మూలలు గీసిన మనిషిని, పుస్తకం రాస్తూ ఆ ఒక్క వాక్యం రాయడం మరిచాను. ఇదిగో, మూడో పేజీలో చేర్చు: ‘గీత ఎక్కడ మలుపు తిరిగితే అక్కడ ఒక కార్బన్ ఉంది. గీత ఎక్కడ ఆగిపోతే అక్కడా ఒక కార్బన్ ఉంది. దాని నాలుగు చేతుల్లో గీతలకు పోగా మిగిలిన చేతులు హైడ్రోజన్లను పట్టుకుని ఉంటాయి. అవన్నీ రాయడానికి మాకు బద్ధకం, అంతే.’ చివరి మాట తీసేయకు. పిల్లలకు నిజం చెప్పాలి.

ఇప్పుడు నీ పెట్టె చూడు. ఆరు మూలలు, ఆరు కార్బన్లు. ప్రతి మూలలోనూ ఒక గీత ఒంటిది, ఒక గీత జంటది. అంటే మూడు చేతులు అయిపోయాయి. నాలుగో చెయ్యి ఎవరిని పట్టుకుందో నువ్వే రాసి పంపు.

బుద్ధిలేని ప్రశ్న అంటావేమిటి? చెవులు పోయాక నాకు బాగా లోటుగా ఉన్నది ఆ ప్రశ్నలే. క్లాసులో వెనక బెంచీలోంచి వచ్చేవి, పక్కవాళ్ళు నవ్వుతారేమోనని గొంతు తగ్గించి అడిగేవి. ఇంట్లో కూర్చుని రాస్తుంటే ఎదురుగా గోడ తప్ప ఎవరూ లేరు. అందుకని ఈ రోజు నుంచి నువ్వే నా క్లాసు. ఎక్కడ అర్థం కాకపోతే అక్కడ ప్రూఫు అంచున ఒక ప్రశ్నార్థకం పెట్టు. మొహమాటపడి పెట్టకపోతే నేను పుస్తకం ఆపేస్తాను. నువ్వు ఏప్రిల్‌లో పాసైతే ఈ పుస్తకం పనికొస్తుందని నాకు నమ్మకం కలుగుతుంది. తప్పితే తప్పు పుస్తకానిదే.

మరి ఈ పని నేనే అడిగి తీసుకున్నానన్నావు. ఎందుకు? నా చేతిరాత చూసి ఎవరూ అలా అడగరు.

రామమోహనరావు


దిల్‌సుఖ్‌నగర్
డిసెంబరు 19

సార్‌కు నమస్కారాలు.

నాలుగో చెయ్యి హైడ్రోజన్‌ది. ఆరు మూలలకు ఆరు హైడ్రోజన్లు. ఇది రాసుకున్నాక షాపులో గోడ మీద అతికించిన పాత కాగితాలన్నీ మళ్ళీ చూశాను. అన్ని పెట్టెల్లోనూ మనుషులు కాపురం ఉంటున్నట్టు అనిపించింది.

రెండో అధ్యాయంలో తొమ్మిది ప్రశ్నార్థకాలు పెట్టాను. ఎక్కువైతే కోప్పడకండి. పొడుగాటి కార్బన్ గొలుసుకు అంకెలు వేసేటప్పుడు కొమ్మ ఏ చివరకు దగ్గరగా ఉందో ఆ చివర నుంచి మొదలుపెట్టాలని రాశారు. ఎందుకు అలా అని మొదట అర్థం కాలేదు. మా ఆయన సాయినాథ్ సూర్యాపేట బస్సు నడుపుతాడు. అతనికి చెప్పి చూశాను. “గిదేముంది? ఎల్బీ నగర్ కాడ మెట్రో ఎక్కినోనికి చైతన్యపురి మూడో స్టేషన్. మియాపూర్ దిక్కు నుంచి లెక్కపెడితే ఇరవై దాటుతది. దగ్గర నుంచే చెప్తం గద” అన్నాడు. సార్, ఆ తరవాత నేను ఒక్క పేరు కూడా తప్పు రాయలేదు. మీ అభ్యాసంలో ఇరవై పేర్లూ రాశాను, కాగితం లోపల పెట్టాను. దిద్దండి.

పొద్దున్నే నల్లా నీళ్ళు వచ్చే ముందు ఒక గంట, షాపులో కరెంటు పోయినప్పుడు కొంచెం, అలా చదువుతున్నాను. మా అత్తమ్మ తిరుపతమ్మ బ్లౌజులు కుడుతుంది. ఆమె మిషన్ తొక్కుతుంటే పక్కన కూర్చుని మీథేన్, ఈథేన్, ప్రొపేన్, బ్యూటేన్ అని చదువుతుంటాను. ఇప్పుడు ఆమెకు కూడా వచ్చేశాయి. నేను ప్రొపేన్ దగ్గర ఆగితే, “బ్యూటేన్, బిడ్డా” అని అందిస్తుంది.

సార్, నాకు చదువు చెప్పిన వాళ్ళు చాలామంది ఉన్నారు. నా సందేహం చదివి నవ్వి, ఆ తరవాత సిగ్గుపడ్డానని చెప్పినవాళ్ళు మీరొక్కరే. నేనెలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు.

ఈ పని ఎందుకు అడిగి తీసుకున్నానో పరీక్ష అయ్యాక చెప్తాను.

సౌజన్య


మన్సూరాబాద్
ఫిబ్రవరి 3

సౌజన్యకు,

ఇరవై పేర్లకు పంతొమ్మిది ఒప్పు అని కిందటిసారి మురిసిపోయాను. సాయినాథ్ చెప్పిన మెట్రో లెక్క పుస్తకంలోకి ఎక్కించాను. ఇవాళ మురిపెం లేదు, కోపంగా ఉంది. ఆరో అధ్యాయం, డెబ్బై రెండో పేజీ తియ్యి. లాక్టిక్ ఆమ్లం బొమ్మ. నేను గీసిన దాంట్లో ఆమ్ల భాగం కుడివైపు ఉంది. నువ్వు ఎడమవైపు పెట్టావు. ఎందుకో నాకు తెలుసు. కుడివైపు పొడుగ్గా ఉన్నది కుట్టు మడతలోకి పోతుందని బొమ్మను అద్దంలోలా తిప్పావు. తిప్పితే అక్షరాలు కూడా తిరగబడతాయి గనుక వాటిని తీసి మళ్ళీ తిన్నగా టైపు చేశావు. చూడ్డానికి శుభ్రంగా ఉంది. కానీ అది ఇప్పుడు వేరే పదార్థం!

ఒక కార్బన్‌కు నాలుగు చేతులూ నాలుగు వేరువేరు వాటిని పట్టుకుంటే, దాన్ని రెండు విధాలుగా కట్టవచ్చు. ఒకటి రెండోదానికి అద్దంలో ప్రతిబింబం. ఎన్ని తిప్పలు పడి తిప్పినా ఒకటి రెండోదాని మీద సరిగ్గా కూర్చోదు. పరిగెత్తి అలిసినప్పుడు మన కండరాల్లో పుట్టే లాక్టిక్ ఆమ్లం ఒక చేతివాటంది. నువ్వు గీసింది రెండో చేతివాటంది. ఆ అధ్యాయం మొత్తం చెప్పేది ఈ సంగతే!

ఇంత కోపం దేనికంటావేమో. పద్నాలుగేళ్ళ కింద నేను పనిచేసిన కోచింగ్ సెంటర్‌లో గ్రాండ్ టెస్టు పెట్టారు. అన్ని బ్రాంచీలకూ ఒకే పేపరు. అందులో ఒక ప్రశ్నకు బొమ్మను ఎవరో డి.టి.పి. ఆపరేటరు సరిగ్గా ఇలాగే, గడిలో పట్టడం కోసం తిప్పేశారు. జవాబు మారిపోయింది. ర్యాంకుల జాబితా తలకిందులైంది, తల్లిదండ్రులు గేటు దగ్గర చేరారు. నా దగ్గర నుంచి ర్యాంకర్ల బ్యాచీ తీసేసి, ఎల్బీ నగర్ బ్రాంచిలో కొత్తగా చేరిన పిల్లలకు మొదటి పాఠాలు చెప్పుకోమని పంపారు. నా వయసు అప్పటికి యాభై ఏడు. ఆ ఆపరేటరు ఎవరో తెలియదు గానీ, ఏడాది పాటు ప్రతి పొద్దునా బస్సులో కూర్చుని తిట్టుకున్నాను.

మళ్ళీ నా పుస్తకంలో అదే తప్పు. ఆ పేజీ తిరిగి గీసి పంపు.

రామమోహనరావు


మన్సూరాబాద్
ఫిబ్రవరి 24

చిరంజీవి సౌజన్యకు,

కవరులో డెబ్బై రెండో పేజీ వచ్చింది. బొమ్మ సరిగ్గా ఉంది. ఏడో అధ్యాయం కూడా వచ్చింది. ఉత్తరం లేదు, అంచుల్లో ఒక్క ప్రశ్నార్థకం కూడా లేదు. నాకు అన్నీ అర్థమయ్యే పుస్తకం రాయడం రాదని నీకు తెలుసు, నాకూ తెలుసు.

విజయదుర్గ గురువారం కవరు ఇవ్వడానికి వస్తే వేరే అమ్మాయి పైకి వచ్చి తీసుకుందట. “మీ నోటికే కాదు, మీ కలానికీ అదుపు లేదు. ఆ పిల్లని ఏమన్నారు?” అని నాకు వినపడేట్టు అరిచింది. నాకు వినపడిందంటే ఎంత గట్టిగా అరిచిందో చూసుకో.

కోపంలో రాశాను. బొమ్మ తిప్పితే పదార్థం మారుతుందని నీకు ఎవరూ చెప్పనప్పుడు నీకెలా తెలుస్తుంది? ఆ పాఠం చెప్పాల్సినవాణ్ణి నేనే గదా. పరీక్షకు రెండు నెలలు కూడా లేవు. పుస్తకం సంగతి ఎలా ఉన్నా, చదువు మానకు.

రామమోహనరావు


దిల్‌సుఖ్‌నగర్
మార్చి 6

సార్‌కు,

ఈ ఉత్తరం ఐదుసార్లు రాసి చింపాను. రోజూ ఇతరుల పుస్తకాలు టైపు చేసి పుస్తకాల భాష రాయడం నేర్చుకున్నాను గానీ, ఇది ఆ భాషలో రావడం లేదు.

ఆ ఆపరేటర్ని నేనే సార్.

అప్పుడు నాకు పంతొమ్మిదేళ్ళు. మిర్యాలగూడ దగ్గర మా ఊరి నుంచి వచ్చి ఆ కోచింగ్ సెంటర్ డి.టి.పి. సెక్షన్‌లో చేరి రెండు నెలలు. ఆరుగురం ఆడపిల్లలం ఉండేవాళ్ళం. గడిలో పట్టలేదని బొమ్మ తిప్పింది నేనే. మేనేజరు వచ్చి, “ఎవరు చేసిండ్రో చెప్పుర్రి. చెప్పకపోతే రేపటి నుంచి ఆరుగురూ రావొద్దు” అన్నాడు. నాకు నోరు రాలేదు. మా నాయన అప్పటికే “పట్నంల ఏం పని, వాపస్ రా” అంటున్నాడు. ఆ పని పోతే ఊరికి పోవుడే, మళ్ళీ ఇటు రాకపోవుడే. పొద్దున్నే వెళ్ళి నిజం చెప్పేద్దామని నిశ్చయించుకుని వెళ్ళాను. వెళ్ళేసరికి మేనేజరు మమ్మల్ని చూసి, “కూసోర్రి, పని చేస్కోర్రి. ఆర్గానిక్ సారు రాసిచ్చిండు, ప్రూఫు మీద సంతకం నాది, తప్పు నాదేనని” అన్నాడు. అప్పుడు కూడా నేను లేచి చెప్పలేదు సార్. కుర్చీలో కూర్చుని ఏడ్చాను, అంతే.

మీ పేరు అప్పుడే తెలుసుకున్నాను. మిమ్మల్ని ఎల్బీ నగర్ పంపారని కూడా విన్నాను. చాలాసార్లు వచ్చి చెప్దామనుకుని, భయపడి రాలేదు. పండ్ల మార్కెట్ ఊరి బయటికి పోకముందు, కొత్తపేటలో ఒకసారి మీరు బత్తాయిలు బేరం చేస్తుంటే మీ వెనకే నిలబడ్డాను. మీరు డబ్బులిచ్చి వెనక్కి తిరిగేలోగా వెళ్ళిపోయాను. మీ పుస్తకం మా షాపుకు వచ్చిన రోజు, దాన్ని ఇంకెవరూ ముట్టుకోవద్దని అడిగి తీసుకున్నది అందుకే. ఒక్క తప్పు లేకుండా చేసి ఇస్తే నా మనసు కొంచెం తేలికపడుతుందనుకున్నాను. మళ్ళీ అదే తప్పు చేశాను.

ఎందుకంటే సార్, ఆ రోజు నా తప్పేమిటో నాకు ఎవరూ చెప్పలేదు. ‘బొమ్మ తప్పు’ అన్నారు, అంతే. నేను మీ కాగితం, నా పేజీ పక్కపక్కన పెట్టుకుని చూశాను. అన్ని అక్షరాలూ ఉన్నాయి, అన్ని గీతలూ ఉన్నాయి. తప్పు ఎక్కడో పద్నాలుగేళ్ళు నాకు తెలియలేదు. మీ ఫిబ్రవరి ఉత్తరం చదివాకే తెలిసింది.

అది చదివిన రోజు ఇంటికి వెళ్ళి మా అత్తమ్మను అడిగాను, ఒకే కొలతతో కత్తిరించినా పనికిరాకుండా పోయేది ఏమైనా ఉంటుందా అని. ఆమె నవ్వి, “ఉండదా? చేతులు కత్తిరిచ్చేటప్పుడు గుడ్డ మడత పెట్టకుండ ఒక్క దిక్కే పరిచి రెండు సార్లు కోస్తే రెండూ ఎడమ చేతులే అయితయి. కొలత ఒక్కటే, గుడ్డ ఒక్కటే. కానీ కుడి భుజానికి ఎక్కదు. కొత్తల నేను గూడ చేసిన” అంది. సార్, నేను రెండు ఎడమ చేతులు కోశాను. ఇప్పుడు అర్థమైంది.

మీరు ఆ రోజు ఆ కాగితం రాయకపోతే నేను ఈ పట్నంలో ఉండేదాన్ని కాదు. సాయినాథ్ లేడు, అత్తమ్మ లేదు, ఈ చదువు లేదు. నన్ను తిట్టుకుంటూ ఏడాది బస్సులో తిరిగారు, తిట్టండి, అది నాకు రావాల్సిందే. కానీ నా కృతజ్ఞత కూడా తీసుకోండి. పద్నాలుగేళ్ళ నుంచి దాన్ని దాచిపెట్టుకుని ఉన్నాను.

పుస్తకం మిగిలిన పని వేరే అమ్మాయికి ఇమ్మంటే ఇచ్చేస్తాను.

సౌజన్య


మన్సూరాబాద్
మార్చి 10

అమ్మా సౌజన్యా,

నీ ఉత్తరం విజయదుర్గ నా ముందు పెట్టి, తను కూడా చదివి, వంటింట్లోకి వెళ్ళి చాలాసేపు రాలేదు. నేనూ కళ్ళద్దాలు తీసి తుడుచుకోవాల్సి వచ్చింది. నేరుగా చెప్తున్నాను, నీ మీద నాకు కోపం లేదు. ఫిబ్రవరిలో రాసిన ఆ ఉత్తరం చింపేయి.

ఇప్పుడు నా సంగతి విను. ఆ కాగితం రాసి నేనేదో త్యాగం చేశానని నువ్వు అనుకుంటున్నావు. ఆ రోజు ఆటో నిలబెట్టుకుని, నలభై పేజీల ప్రూఫులు సీటు మీద పెట్టుకుని, ఒక్కటీ చూడకుండా గబగబా సంతకాలు పెట్టాను. చూసి ఉంటే అరనిమిషంలో పట్టుకునేవాణ్ణి. చూడకుండా సంతకం పెట్టినవాడిదే తప్పు. అది న్యాయం, గొప్పతనం ఏమీ కాదు. అది తెలిసి కూడా ఏడాది నిన్ను తిట్టుకున్నాను. అది తప్పు. నన్ను క్షమించు.

ఇంకొకటి చెప్పాలి. ఎల్బీ నగర్ బ్రాంచికి వెళ్ళిన మొదటి రోజు ఒక పిల్లవాణ్ణి లేపి ఏదో అడిగాను. వాడు, “సార్, ఆర్గానిక్ అంటే ఏంది?” అన్నాడు. ఇరవై ఏళ్ళు పాఠాలు చెప్పినవాణ్ణి, వాడికి అర్థమయ్యేట్టు ఒక్క వాక్యం చెప్పలేకపోయాను. ర్యాంకర్లకు చెప్పేటప్పుడు అంతా వాళ్ళే అందుకునేవాళ్ళు, నేను గొప్పగా చెప్తున్నానని భ్రమపడ్డాను. చెప్పడం ఎలాగో నేర్చుకున్నది ఆ పిల్లల దగ్గరే. నల్లగొండ నుంచి, సూర్యాపేట నుంచి బస్సు దిగి వచ్చిన పిల్లలు. నా ఉద్యోగంలో సంతోషంగా ఉన్న ఏళ్ళు ఏవంటే ఆ చివరి తొమ్మిదేళ్ళే. ఈ పుస్తకంలో ప్రతి పేజీ అక్కణ్ణించి వచ్చింది. నువ్వు ఆ బొమ్మ తిప్పకపోతే నేను అక్కడికి వెళ్ళేవాణ్ణి కాదు, ఈ పుస్తకమూ లేదు. అందుకని నీకు నేను కూడా కృతజ్ఞుణ్ణే తల్లీ.

తిరుపతమ్మ గారి రెండు ఎడమ చేతులు ఆరో అధ్యాయం మొదట్లో పెడుతున్నాను, ఆవిడ పేరుతో సహా. ముప్పై ఏళ్ళుగా నేను చెప్పులూ చేతిగ్లౌజులూ చూపించి చెప్పాను. ఆవిడ చెప్పినంత బాగా ఎప్పుడూ చెప్పలేదు.

పని వేరే ఎవరికీ ఇవ్వడం లేదు. ఏడో అధ్యాయం వెనక్కి పంపుతున్నాను. ఎనిమిదికి తక్కువ కాకుండా ప్రశ్నార్థకాలు పెట్టి పంపు. ఆల్కహాల్‌కూ ఆమ్లానికీ తేడా నీకు ఇంకా తేలలేదని నీ అభ్యాసం చూస్తే తెలుస్తోంది.

మీ
రామమోహనరావు


దిల్‌సుఖ్‌నగర్
ఏప్రిల్ 28

సార్‌కు, మేడం గారికి నమస్కారాలు.

పరీక్ష రాశాను. సాయినాథ్ డ్యూటీ మార్చుకుని సెంటర్ దాకా దింపాడు. “జర నిమ్మళంగ రాయి, పరేషాన్ గాకు” అని గేటు దగ్గర నాలుగుసార్లు చెప్పి, తనే పరేషాన్ అయ్యాడు. మేడం గారు పంపిన పులిహోర సగం అతనే తిన్నాడు.

పేపరు కష్టంగా ఉంది సార్. లెక్కల భాగంలో రెండు వదిలేశాను. కానీ ఆర్గానిక్‌లో ఒక్కటి కూడా వదల్లేదు. పేరు రాయమన్న చోట మెట్రో గుర్తొచ్చింది. ఆల్కహాల్‌కూ ఆమ్లానికీ తేడా అడిగారు, మీరు నాచేత మూడుసార్లు తిరిగి రాయించింది అదే. రాస్తుంటే నాకు భయం వేయలేదు. పోయిన రెండుసార్లూ పేపరు చూడగానే చేతులకు చెమటలు పట్టాయి. ఈసారి గీతలు చూస్తే మూలల్లో ఎవరెవరున్నారో తెలుస్తోంది. ఎన్ని మార్కులు వచ్చినా, ఇది మాత్రం మీరు ఇచ్చింది. ఇంక ఎవరూ తీసుకోలేరు.

ఫలితాలు ఇంకో నెల పడుతుందట. షాపులో నేను ఒక్కదాన్నే మిగిలాను. మిగతా మిషన్లు అమ్మేశారు. మీ పుస్తకం అయ్యాకే నా మిషన్ తీస్తామని అంతయ్య సార్ అన్నారు. చివరి అధ్యాయం పంపండి.

సౌజన్య


మన్సూరాబాద్
జూన్ 2

అమ్మా సౌజన్యా,

మొత్తం పుస్తకం చివరి ప్రూఫు, నూట ఇరవై పేజీలు, ఈ కవరులో ఉన్నాయి. విజయదుర్గ ఇవాళ కూరలు మానేసి ఈ బరువే మోసుకొస్తోంది. చివరి అభ్యాసంలో ఒక బొమ్మ నాకు నచ్చలేదు, నా చేత్తో కొత్తది గీసి నూట పన్నెండో పేజీకి అతికించాను. అది ఒక్కటి ఎక్కించు. ప్రెస్సు వాళ్ళు గురువారం వస్తారు.

పేజీలు తిప్పి చూశావా? ఏ పేజీ మీదా నా సంతకం లేదు. మరిచిపోలేదు. ‘అచ్చుకు ఇవ్వవచ్చు’ అని ఈసారి నువ్వు రాసి, నువ్వు సంతకం పెట్టు. ఈ పుస్తకంలో ప్రతి గీతా నువ్వు గీశావు, ప్రతి వాక్యాన్నీ అర్థమయ్యేదాకా నన్ను నిలబెట్టావు. నాకంటే బాగా ఈ పుస్తకం తెలిసినవాళ్ళు లేరు. ఫలితం వచ్చిందో లేదో నేను అడగను. వచ్చినా రాకపోయినా సంతకం నీదే.

మొదటి పేజీలో కృతజ్ఞతలు కూడా చదువు. అక్కడ ఒక పేరు ఉంది. వద్దని తీసేస్తే ఊరుకోను.

రామమోహనరావు


దిల్‌సుఖ్‌నగర్
జూన్ 5

సార్‌కు నమస్కారాలు.

నిన్న మధ్యాహ్నం ఫలితాలు వచ్చాయి. యాభై ఎనిమిది. అత్తమ్మ మిషన్ ఆపి, నా ముఖం రెండు చేతులతో పట్టుకుని, “ఇంటర్ పాసైంది నా బిడ్డ” అని వీధంతా వినపడేట్టు చెప్పింది. స్కూలు వాళ్ళు పదహారో తారీకు రమ్మన్నారు. సాయినాథ్ మీ ఇంటికి వచ్చి మీ కాళ్ళకు దండం పెడతానంటున్నాడు. ఆదివారం అందరం వస్తున్నాం. మీకు వినపడకపోయినా ఫర్వాలేదు, కాగితం, పెన్ను తెస్తాను.

కృతజ్ఞతల పేజీ చదివాను. ‘ఈ పుస్తకానికి మొదటి విద్యార్థిని’ అని రాశారు. పేరు తీయలేదు సార్. తీయాలనిపించలేదు.

పొద్దున షాపు తాళం తీయగానే కూర్చుని సంతకాలు మొదలుపెట్టాను. ఆటో సీటు మీద పెట్టలేదు. ఒక్కో పేజీ చూసి, కార్బన్లు లెక్కపెట్టి, అప్పుడే పెట్టాను. డెబ్బై రెండో పేజీ దగ్గర కాసేపు ఆగాను. ఆమ్ల భాగం కుడివైపే ఉందని మీ కాగితంతో సరిచూసుకుని సంతకం పెట్టాను.

నూట పన్నెండు దగ్గర పెన్ను ఆగిపోయింది. మీరు చేత్తో గీసి అతికించిన బొమ్మ, ఎడమ నుంచి మూడో కార్బన్. ఒకసారి లెక్కపెట్టాను. నమ్మకం కుదరక రెండోసారి లెక్కపెట్టాను. అంతయ్య సార్‌ను పిలిచి ఆయనతో కూడా లెక్కపెట్టించాను. సార్, దానికి ఐదు చేతులున్నాయి. కింద మూలలో ఒక గీత ఎక్కువ గీశారు.

మీ మొదటి ఉత్తరం ప్రకారం ఆ పేజీ చింపి పారేయాలి. చింపలేదు, మీ చేతిరాత ఉందని నా దగ్గర దాచుకున్నాను. ఐదో చెయ్యి తీసేసి బొమ్మ కొత్తగా గీశాను. మిగతా పేజీలన్నీ మళ్ళీ ఒకసారి చూశాను. ఇంకెక్కడా లేదు. అప్పుడు ‘అచ్చుకు ఇవ్వవచ్చు’ అని రాసి నూట పన్నెండో పేజీ మీద సంతకం పెట్టాను.

ఇప్పుడు ఇందులో ఏదైనా తప్పు బయటపడితే అది నాది సార్, ఇంకెవరిదీ కాదు.

మీ విద్యార్థిని,
సౌజన్య